బేరియం స్వాలో ఎక్స్‌రే: చీటీ చేతికొచ్చినప్పటి నుంచి విరేచనం మామూలయ్యేదాకా

"బేరియం స్వాలో రాశారు. సూది గుచ్చుతారా? మత్తు ఇస్తారా? పొద్దున కాఫీ తాగి రావచ్చా?" తిరుపతి, చిత్తూరు వైపు పాఠకులు మళ్లీ మళ్లీ అడిగేవి ఈ మూడే. మామూలుగా గుచ్చరు, మత్తు ఇవ్వరు, కాఫీ తాగకూడదు. నొప్పి కూడా ఉండదు. మింగుడు సరిగ్గా పడనివాళ్లు బేరియం అనే తెల్లటి ద్రవం తాగుతుంటే, అది గొంతు నుంచి జీర్ణాశయం దాకా ఎలా దిగుతోందో ఎక్స్‌రేలో చూసే పరీక్ష ఇది.

అయినా ఈ పరీక్ష కోసం రెండోసారి రావాల్సి వచ్చినవాళ్లు తక్కువేం కాదు. ఎందుకంటే ఇక్కడ మెషీన్ చూస్తూ ఉంటుందంతే, పని చేయాల్సింది మీ గొంతు. చెప్పినప్పుడు మింగాలి, ఆపమన్నప్పుడు నోట్లోనే పట్టుకోవాలి, ఏ ముద్ద ఎక్కడ ఆగుతోందో నోరు తెరిచి చెప్పాలి. ఆ మూడింటికీ సిద్ధమై వెళ్తే పని అరగంటలో అయిపోతుంది.

## 1. ముందు చీటీ సరిగ్గా చదవండి

బేరియం అని ఉన్నవన్నీ ఒకే పరీక్ష కాదు. పేరును బట్టి తయారీ మారుతుంది, పట్టే సమయమూ మారుతుంది.

- బేరియం స్వాలో: గొంతు, అన్నవాహిక (గొంతు నుంచి జీర్ణాశయానికి తిన్నది దిగే గొట్టం), అది జీర్ణాశయంలో కలిసే చోటు. 15 నుంచి 30 నిమిషాలు.
- బేరియం మీల్: పై వాటితో పాటు జీర్ణాశయం, చిన్నపేగు మొదటి భాగం. ఇంకాస్త ఎక్కువసేపు.
- మీల్ ఫాలో త్రూ: చిన్నపేగు మొత్తం. మధ్యమధ్యలో ఫిల్మ్ తీస్తూ గంటల తరబడి కూర్చోబెడతారు.
- టైమ్డ్ బేరియం: ఒక్కసారిగా తాగించి 1, 2, 5 నిమిషాలకు ఎంత మిగిలిందో చూస్తారు. అన్నవాహిక కింది కవాటం తెరుచుకోని అకలేషియా జబ్బులో రాస్తారు.
- వీడియో ఫ్లోరోస్కోపీ: పక్షవాతం వచ్చినవాళ్లకు, తాగితే పొలమారేవాళ్లకు. స్పీచ్ థెరపిస్ట్ పక్కనుండి చేయిస్తారు. దీనికి చాలాచోట్ల పరగడుపు అక్కర్లేదు.
- బేరియం ఎనీమా: ఇది కింది నుంచి చేసేది, పెద్దపేగుకు. తయారీ పూర్తిగా వేరు.

డాక్టర్ రాత అర్థం కాకపోతే కౌంటర్‌లో చదివించుకోండి. స్వాలో అనుకుని వచ్చినవాళ్లకు ఫాలో త్రూ అని తేలితే సాయంత్రం బస్సు తప్పినట్టే.

## 2. ఈ పరీక్ష ఎవరికి వద్దు, ఎవరు ముందే చెప్పాలి

ఇక్కడ తొందరపడకండి. మిగతావన్నీ సర్దుకోవచ్చు, ఇది సర్దుకునేది కాదు.

మీరు తాగే తెల్లటి ద్రవం బేరియం సల్ఫేట్. నీళ్లలో కరగదు, ఒంట్లోకి ఇంకదు, ఎలా లోపలికి వెళ్లిందో అలాగే విరేచనంలో బయటికి వస్తుంది. పేగు లోపల ఉన్నంతవరకు దానితో పేచీ లేదు. అన్నవాహికకు చిల్లు ఉంటే మాత్రం అది ఛాతీలోకి కారి పెద్ద ప్రమాదం తెస్తుంది. అందుకే చిల్లు పడిందేమోనన్న అనుమానం ఉంటే డాక్టర్లు బేరియం బదులు నీళ్లలో కరిగే అయోడిన్ మందు వాడతారు.

కిందివాటిలో ఏది ఉన్నా గదిలోకి వెళ్లేముందే చెప్పండి.

- గర్భం ఉంది, లేదా ఉందేమోనన్న అనుమానం ఉంది. చివరి నెలసరి తేదీ అడుగుతారు, గుర్తుంచుకుని రండి.
- ఈమధ్యే ఎండోస్కోపీ (నోట్లోంచి కెమెరా గొట్టం పంపే పరీక్ష) చేశారు, అన్నవాహికను సాగదీశారు, లేదా గొంతు, ఛాతీ, పొట్ట ఆపరేషన్ అయింది.
- నీళ్లు తాగినా దగ్గు, పొలమారడం. తరచూ నిమోనియా.
- పొట్ట ఉబ్బి, వాంతులై, విరేచనం ఆగిపోయి ఉంది.
- గతంలో బేరియం తాగినప్పుడు దద్దుర్లు, ఆయాసం వచ్చాయి. బేరియం పడకపోవడం అరుదు. అందులో కలిపే ఫ్లేవర్లు కొందరికి పడకపోవచ్చు.
- అయోడిన్ ఇంజెక్షన్‌కు గతంలో ఇబ్బంది పడ్డారు. బేరియంలో అయోడిన్ ఉండదు, కానీ మందు మార్చాల్సి వస్తే ఈ సంగతి కావాలి.
- ఎప్పుడైనా యాసిడ్, బాత్రూం క్లీనర్ లాంటిది లోపలికి వెళ్లింది. ఇంట్లోవాళ్ల ముందు చెప్పలేకపోతే డాక్టర్‌తో విడిగా మాట్లాడాలని అడగండి. ఏళ్ల కిందటి సంగతైనా సరే, అన్నవాహిక ఇప్పుడు సన్నబడటానికి అదే కారణం కావచ్చు.

పాలిచ్చే తల్లులు భయపడక్కర్లేదు. బేరియం ఒంట్లోకి ఇంకదు గనుక పాలు మాన్పించే పని లేదు.

ఇంకో మాట. చేప ముల్లో, మటన్ ఎముకో గొంతులో ఇరుక్కుని, ఉమ్ము కూడా మింగలేకపోతుంటే బేరియం చీటీ కోసం క్యూలో నిలబడకండి, నేరుగా క్యాజువాలిటీకి వెళ్లండి. పిల్లలు బటన్ బ్యాటరీ మింగారన్న అనుమానం ఉన్నా అంతే, ఒక్క గంట కూడా ఆగకూడదు.

## 3. రోజు ఖరారు చేసుకునేటప్పుడు

ఈ పరీక్షకు ఫ్లోరోస్కోపీ మెషీన్ కావాలి. మామూలు ఎక్స్‌రే ఒక్క ఫొటో తీస్తుంది, ఇది మీరు మింగుతుండగా కదిలే బొమ్మ చూపిస్తుంది. ఎక్స్‌రే బోర్డు ఉన్న ప్రతిచోటా ఇది ఉండదు. తిరుపతిలో స్విమ్స్‌కి వెళ్లినా, రుయాకి వెళ్లినా, ప్రైవేటు స్కానింగ్ సెంటర్‌కి వెళ్లినా, చిత్తూరు ఆస్పత్రికే వెళ్లినా ముందు ఫోన్ చేసో, మనిషిని పంపో ఇవి కనుక్కోండి.

- బేరియం పరీక్షలు ఏ రోజుల్లో, ఏ వేళలో చేస్తారు?
- పరగడుపు ఎన్ని గంటలు?
- ఖర్చెంత? అందులో ఫిల్మ్, సీడీ కలిసే ఉన్నాయా?
- రిపోర్టు అదే రోజు ఇస్తారా?

డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద చికిత్స చేయించుకోవాలనుకునేవాళ్లు డబ్బు కట్టకముందే ఆస్పత్రిలోని వైద్యమిత్ర డెస్క్‌లో అడగండి, కట్టాక కాదు.

పరీక్షల వరుస. చిత్తూరు జిల్లా వాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. ఇవాళ ఇక్కడ బేరియం, రేపు వేలూరులో సీటీ స్కాన్ అని పెట్టుకుంటారు. కడుపులో మిగిలిన బేరియం వల్ల సీటీలో చారలు పడి, చూడాల్సింది కనబడదు. అది పూర్తిగా పోయేదాకా రోజుల తరబడి ఆగమంటారు. లాడ్జి ఖర్చు మీదే. ఎండోస్కోపీకీ ఇదే ఇబ్బంది, లోపలి పొరకు బేరియం అంటుకుని కెమెరాకు అడ్డొస్తుంది. పొట్ట అల్ట్రాసౌండ్ కూడా బేరియానికి ముందే చేయించుకోవడం మేలు.

కాబట్టి మీ దగ్గరున్న చీటీలన్నీ ఒకేచోట డాక్టర్ ముందు పెట్టి, ఏది ముందు, ఏది తర్వాత అని రాయించుకోండి.

దర్శనం టికెట్ అదే రోజు పెట్టుకోకండి. తిరుపతికి ఎటూ వచ్చాం కదా అని చాలామంది రెండూ కలుపుకుంటారు. ఖాళీ కడుపుతో అలిపిరి మెట్లెక్కి దిగి పరీక్షకు రావడం తప్పు. బేరియం తాగిన పూటే వెళ్లి కంపార్ట్‌మెంట్లో గంటలకొద్దీ కూర్చోవడం కూడా తప్పే. ఆ రోజు మీకు కావాల్సింది నీళ్లు, దగ్గర్లో మరుగుదొడ్డి. దర్శనం పరీక్షకు ముందు రోజుల్లోనైనా పెట్టుకోండి, తర్వాత నాలుగైదు రోజులు ఆగైనా వెళ్లండి.

## 4. మీ కష్టాన్ని కాగితం మీద పెట్టండి

దీన్ని చాలామంది వదిలేస్తారు. నా మాట వింటే, పరగడుపు తర్వాత అంత ముఖ్యమైనది ఇదే.

"మింగుడు పడుతోందా?" అని అడిగితే పల్లె నుంచి వచ్చిన పెద్దాయన "పడుతోంది సార్" అంటాడు. పక్కనున్న కోడలు ఆగలేక "సంక్రాంతి నుంచి మీరు సంగటి ముట్టింది లేదు గదా మామా!" అంటుంది. ఆయన అబద్ధం చెప్పలేదు. సంగటి దిగడం లేదని జావకు మారాడు, జావ దిగుతోంది కాబట్టి బాగానే ఉందనుకున్నాడు. డాక్టర్‌కు కావాల్సింది ఆ మారిన సంగతే.

ముందురోజు కూర్చుని ఇవి రాసుకోండి.

- మొదట ఇబ్బంది పెట్టింది గట్టి పదార్థమా, నీళ్లా, రెండూ ఒకేసారా? (గట్టివి మాత్రమే ఆగుతుంటే దారి సన్నబడిందేమోనని చూస్తారు. మొదటి నుంచీ రెండూ ఆగుతుంటే కండరాల కదలికను ముఖ్యంగా చూస్తారు.)
- ఇప్పుడు ఏవి తినగలుగుతున్నారు, ఏవి మానేశారు?
- రోజూ ఆగుతోందా, అప్పుడప్పుడా?
- రాత్రి పడుకుంటే తిన్నది నోట్లోకి వస్తోందా, దగ్గుతో మెలకువ వస్తోందా?
- బరువు తగ్గారా, బట్టలు వదులయ్యాయా?
- ఎక్కడ ఆగినట్టుంది?

ఈ చివరిదానికి మీకు తోచిన చోట వేలు పెట్టి చూపించండి, కానీ దాన్నే పట్టుకుని కూర్చోకండి. కింద జీర్ణాశయం దగ్గర అడ్డం ఉన్నా పైన గొంతులో పట్టేసినట్టు అనిపించడం మామూలే. అందుకే గొంతు దగ్గర అని చెప్పినా చివరిదాకా చూస్తారు.

## 5. ముందురోజు రాత్రి: పరగడుపు అంటే ఏమీ లేకుండా

సాధారణంగా కనీసం 6 గంటలు ఏమీ తినకుండా, తాగకుండా ఉండమంటారు. పొద్దున పరీక్ష అయితే అర్ధరాత్రి నుంచి. మీ సెంటర్ వేరే లెక్క చెప్తే అదే పాటించండి.

రాత్రి భోజనం త్వరగా, తేలిగ్గా ముగించండి. అన్నవాహికలో తిన్నది నిలిచిపోయే జబ్బు ఉన్నవాళ్లకు ఇంకా ముందు నుంచే నీళ్లలాంటి ఆహారం మాత్రమే తీసుకోమంటారు. మీకు అలాంటిది ఉంటే ప్రత్యేకంగా అడగండి.

మన దగ్గర ఒక చిక్కుంది. శనివారం ఒక్కపొద్దు ఉండి అలవాటైనవాళ్లు, "ఉపవాసమే కదా" అని ఓ గ్లాసు పాలు, అరటిపండు తీసుకుని వచ్చేస్తారు. ఈ ఉపవాసంలో అవి లేవు. ఎవరో కొండ నుంచి తెచ్చారని లడ్డూ ముక్క నోట్లో వేసుకోవడం కూడా కుదరదు. కళ్లకద్దుకుని డబ్బాలో పెట్టుకోండి, పరీక్షయ్యాక డాక్టర్ తినొచ్చంటే తినండి.

పరీక్ష రోజు పొద్దున వీటి జోలికి వెళ్లకండి.

- కాఫీ, టీ, పాలు
- ఆకువక్క, పాన్ మసాలా, చూయింగ్ గమ్, సోంపు
- బీడీ, సిగరెట్

నమలడం, పొగ రెండూ జీర్ణాశయంలో రసాలు ఊరేట్టు చేస్తాయి. అప్పుడు బేరియం గోడలకు సరిగ్గా పట్టదు. పళ్లు తోముకోవచ్చు, పుక్కిలించి ఉమ్మేయండి.

## 6. మాత్రలు, ఇన్సులిన్

సొంత నిర్ణయాలు వద్దు. ఇది మీరు అడగాల్సిన ప్రశ్నల జాబితా అనుకోండి.

బీపీ, గుండె, ఫిట్స్ మాత్రలు: ఒక్క గుక్క నీళ్లతో వేసుకోమనడమే ఎక్కువ. అయినా మీ డాక్టర్‌ను అడిగే వేసుకోండి.

షుగర్: అన్నం తినకుండా షుగర్ మాత్ర వేసుకున్నా, ఎప్పటి మోతాదే ఇన్సులిన్ తీసుకున్నా షుగర్ పడిపోవచ్చు. ఆ పూట ఏం చేయాలో మాత్రలు రాసిన డాక్టర్ చెప్పాలి. బుక్ చేసేటప్పుడే "షుగర్ పేషెంట్, మొదటి నంబర్ ఇవ్వండి" అని అడగండి.

మదనపల్లె నుంచి భాకరాపేట ఘాట్ మీదుగా తెల్లవారుజామున ఖాళీ కడుపుతో బస్సులో వచ్చే షుగర్ పేషెంట్‌కు ఒంట్లో ఓపిక ఉండదు. వీలైతే ముందురోజు సాయంత్రమే తిరుపతిలో బంధువుల ఇంట్లో దిగండి. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలైతే పరీక్ష కోసం ఓర్చుకోకండి. వెంటనే సిబ్బందికి చెప్పండి. షుగర్ 70 కన్నా తగ్గితే గ్లూకోజ్ తీసుకోవాల్సిందే. పరీక్ష ఇంకోరోజు చేసుకోవచ్చు.

గ్యాస్, వాంతులు, కడుపునొప్పి మాత్రలు: వీటిలో కొన్ని అన్నవాహిక కదలికను మారుస్తాయి. చీటీ చూపించి, ఏవైనా ఆపాలా అని అడగండి.

## 7. బయల్దేరేముందు చూసుకోండి

- ఓపీ చీటీ, పరీక్ష రాసిన కాగితం, ఆధార్
- పాత ఎండోస్కోపీ రిపోర్టు, పాత ఎక్స్‌రేలు
- మాత్రల చీటీ లేదా ఖాళీ స్ట్రిప్పులు
- మీరు రాసుకున్న కాగితం
- నీళ్ల బాటిల్, పరీక్షయ్యాక తినడానికి మెత్తనిది ఏదైనా
- చిన్న తువ్వాలు (మూతి తుడుచుకోవడానికి, బేరియం ఒలికితే బట్టల మీద తెల్లగా అంటుకుంటుంది)
- తోడుగా ఒక మనిషి

మెడలో గొలుసులు, రక్షరేకు, లోహం హుక్కులున్న లోదుస్తులు తీసేయమంటారు. అన్నవాహిక సరిగ్గా వాటి వెనకే ఉంటుంది కాబట్టి బొమ్మ మీద నీడ పడుతుంది.

తాళి దగ్గరే పేచీ వస్తుంది. పెద్దావిడ చేత్తో గట్టిగా పట్టుకుని "తీయను నాయనా" అంటుంది, బయట క్యూ పెరుగుతుంది. ఇంటి దగ్గరే దీనికి దారి చూసుకోండి. పసుపు తాడుకు పసుపు కొమ్ము కట్టి మెళ్లో వేసుకుని, బంగారు తాళి తోడువచ్చినవాళ్లకు ఇచ్చి లోపలికి వెళ్లడం మన ఆడవాళ్లకు తెలిసిన పద్ధతే. కొమ్ము లోహం కాదు కాబట్టి ఇబ్బంది పెట్టదు. అయినా సిబ్బందికి ఒక మాట చెప్పండి.

కట్టుడు పళ్ల సంగతి కూడా అడగండి. గొంతు భాగం చూడాలంటే తీయమనవచ్చు, మింగడానికి అవి కావాలంటే ఉంచమనవచ్చు.

## 8. గదిలో ఏం జరుగుతుంది, వరుసగా

ఒకటి. గౌను ఇస్తారు. పేరు, వయసు, ఏం తిన్నారని మళ్లీ అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

రెండు. బేరియానికి ముందు ఒక మామూలు ఎక్స్‌రే తీయవచ్చు.

మూడు. నిలువుగా లేపిన బల్లకు ఆనుకుని నిలబడతారు. బల్ల కింద కాళ్లు పెట్టుకునే చెక్క ఉంటుంది. ముందున్న పెట్టె లాంటిది మీ ఛాతీ దగ్గరికి వస్తుంది, ఒంటికి తగిలినట్టున్నా నొక్కదు.

నాలుగు. కొందరికి ముందుగా గ్యాస్ పుట్టించే గుళికలు గానీ పొడి గానీ కొద్ది నీళ్లతో ఇస్తారు. కడుపు ఉబ్బి తేన్పు తన్నుకొస్తుంది. తేన్చకూడదు. ఆ గాలి ఉంటేనే లోపలి మడతలు విచ్చుకుని కనిపిస్తాయి. తేన్పు వచ్చేట్టుంటే ఉమ్ము మింగండి, కొంత అణుగుతుంది.

ఐదు. గ్లాసు చేతికిస్తారు. మిమ్మల్ని కొంచెం పక్కకు తిప్పి నిలబెడతారు. బేరియం పల్చటి మజ్జిగంత నుంచి దోసెపిండి అంత చిక్కదనం దాకా ఉంటుంది. రుచి సుద్ద తిన్నట్టు, కొన్నిచోట్ల ఏదో ఒక ఫ్లేవర్ కలిపి ఉంటుంది. బాగుండదు, ముందే చెప్పేస్తున్నాను.

ఆరు. "నోట్లో పెట్టుకోండి, మింగొద్దు... ఇప్పుడు మింగండి." ఈ మాట చాలాసార్లు వింటారు. ఒక్క గుటకలోనే మింగాలి, వెంటనే ఇంకో గుటక వేయకూడదు. గుటక వేసినప్పుడు పైనుంచి కిందికి ఒక అల బయల్దేరుతుంది. అది చివరికి చేరేలోపు మళ్లీ మింగితే మొదటి అల ఆగిపోతుంది. అప్పుడు కండరం నిజంగా బలహీనంగా ఉందో, మీరు తొందరపడ్డారో తేలదు.

ఏడు. ఆ తర్వాత తీరు మార్చి "గబగబా తాగండి" అంటారు. ఇది అన్నవాహిక పూర్తిగా నిండి సాగితే ఎక్కడ సన్నగా ఉందో చూడటానికి.

ఎనిమిది. బల్ల నెమ్మదిగా వాలుతుంది. బోర్లా, పక్కకు పడుకోబెట్టి స్ట్రాతో తాగిస్తారు. నిలబడితే బరువుకే కిందికి జారిపోతుంది, పడుకుంటేనే కండరం ఎంత బలంగా నెడుతోందో తెలుస్తుంది. దగ్గమని, ముక్కమని, కాలెత్తమని అడిగితే అది జీర్ణాశయంలోది వెనక్కి వస్తోందా అని చూడటానికి.

తొమ్మిది. గట్టి పదార్థాలే ఆగుతున్నాయంటే బేరియంలో ముంచిన బ్రెడ్డు ముక్కో, బిస్కెట్టో మింగించవచ్చు. ఎక్కడ ఆగినట్టనిపించినా అప్పుడే చెయ్యెత్తి చెప్పండి. తెర మీద కనిపిస్తున్నదీ మీకు అనిపిస్తున్నదీ ఒకటేనా అని అప్పుడే పోల్చి చూడగలరు.

మీల్ కూడా కలిపి ఉంటే పేగు కదలిక తగ్గించే బస్కోపాన్ లాంటి ఇంజెక్షన్ ఇవ్వవచ్చు. కంట్లో నీటికాసులు, ప్రోస్టేట్ ఇబ్బంది, గుండె దడ ఉన్నవాళ్లు ముందే చెప్పాలి. ఆ ఇంజెక్షన్ తర్వాత కాసేపు చూపు మసకబారవచ్చు, బండి నడపకండి.

రేడియేషన్ గురించి భయం ఉంటే ఈ లెక్క చూడండి. బేరియం స్వాలోకు సుమారు 1.5 మిల్లీసీవర్ట్ (రేడియేషన్ కొలత) పడుతుంది. నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి మనిషికి ఏడాదికి సహజంగా అందేది ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్ట్. ఛాతీ ఎక్స్‌రే కన్నా చాలా ఎక్కువే, అయినా అవసరమై చేసే పరీక్షను మానుకునేంత కాదు. తోడొచ్చినవాళ్లు మాత్రం బయటే ఉండాలి. తప్పనిసరై లోపల ఉండాల్సి వస్తే సీసపు ఏప్రన్ వేసుకోవాలి. గర్భిణులు ఎట్టి పరిస్థితిలోనూ లోపల ఉండకూడదు.

## 9. తరచూ జరిగే తప్పులు, సర్దుబాటు

కాఫీ తాగేశారు, ఏదో తినేశారు. దాచకండి. ఎంత, ఎన్నింటికి తీసుకున్నారో చెప్తే మధ్యాహ్నానికి మార్చవచ్చు. దాచితే లోపల మిగిలిన ఆహారమే గడ్డల్లా కనిపించి లేనిపోని ఎండోస్కోపీకి దారి తీయవచ్చు.

తేన్పు ఆగలేదు. చెప్పండి, గుళికలు మళ్లీ ఇస్తారు.

వాంతి వచ్చేట్టుంది. చెయ్యెత్తండి, గ్లాసు పక్కన పెట్టండి, ముక్కుతో నెమ్మదిగా ఊపిరి తీసుకోండి. ఒక నిమిషం ఆగితే చాలావరకు తగ్గుతుంది.

పొలమారింది. వెంటనే తాగడం ఆపండి, బలంగా దగ్గండి. కొద్దిగా శ్వాసనాళంలోకి వెళ్లినా దగ్గుతో వచ్చేస్తుంది. ఓర్చుకుని ఇంకో గుక్క తాగడం మాత్రం ప్రమాదం. తర్వాత ఆయాసమో జ్వరమో వస్తే ఆస్పత్రికి వెళ్లండి.

సూచనలు వినబడలేదు, అర్థం కాలేదు. చెవుడున్న పెద్దవాళ్లకు, తమిళమో కన్నడమో మాత్రమే వచ్చినవాళ్లకు సైగ ముందే ఖాయం చేసుకోండి. భుజం తడితే మింగాలి, చెయ్యి చూపిస్తే ఆపాలి.

నిలబడలేరు. మోకాళ్ల నొప్పులు, పక్షవాతం ఉంటే ముందే చెప్తే కూర్చోబెట్టో, పడుకోబెట్టో చేస్తారు.

పిల్లలకు ఉపవాసపు గంటలు వయసును బట్టి తక్కువ. పెద్దవాళ్ల లెక్కతో చంటిబిడ్డను మాడ్చకండి.

## 10. ఇంటికొచ్చాక

వేరే పరీక్ష లేకపోతే వెంటనే తినొచ్చు, తాగొచ్చు. మీకు ఏవి దిగుతాయో అవే. పరీక్ష చేసినంత మాత్రాన సంగటి ముద్ద దిగదు.

బేరియం గట్టిపడితే మలబద్ధకం వస్తుంది. దానికి ముందే నీళ్లు పట్టించాలి. ఆ రోజూ మర్నాడూ మామూలు కన్నా ఎక్కువగా నీళ్లు, మజ్జిగ, పల్చటి జావ తాగుతూ ఉండండి. గుండె బలహీనత, డయాలసిస్ ఉండి నీళ్లకు లెక్క పెట్టినవాళ్లు ఎంత తాగాలో డాక్టర్‌ను అడగండి.

ఇసబ్‌గోల్ జోలికి వెళ్లకండి. మలబద్ధకం అనగానే ఇంట్లో ఎవరో ఒకరు అదే కలిపిస్తారు. అది నీళ్లు తగిలితే ఉబ్బుతుంది. అన్నవాహిక సన్నబడిన మనిషిలో అక్కడే ఉబ్బి అడ్డం పడగలదు. మింగుడు సమస్యతో పరీక్షకు వెళ్లిన మనిషికి అది మందు కాదు. విరేచనం మందు కావాలంటే డాక్టర్ రాసిన సిరప్ వాడండి.

ఒకటి నుంచి మూడు రోజులు విరేచనం తెల్లగా, పాలిపోయి ఉంటుంది. భయం లేదు. మరుగుదొడ్డికి అంటుకుంటుంది కాబట్టి నీళ్లు ఎక్కువ పోయండి, లేకపోతే తర్వాత గీకాల్సి వస్తుంది.

ఇవి కనిపిస్తే ఆగకుండా ఆస్పత్రికి:

- రెండు రోజులు దాటినా విరేచనం లేదు, గాలి కూడా పోవడం లేదు
- పొట్ట ఉబ్బి నొప్పి, ఆగని వాంతులు
- ఛాతీ నొప్పి, జ్వరం, ఆయాసం
- నల్లటి విరేచనం, రక్తం (ఇది బేరియం వల్ల కాదు)

## 11. రిపోర్టులో మాటలు

రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది. పిల్లల చేత చదివించుకుని గూగుల్‌లో వెతికి టెన్షన్ పడేకంటే కొన్ని మాటలు తెలిస్తే చాలు.

- నో హోల్డప్: ఎక్కడా ఆగకుండా దిగింది.
- రిఫ్లక్స్: కడుపులోది పైకి వస్తోంది.
- హయాటస్ హెర్నియా: జీర్ణాశయం పైభాగం ఛాతీలోకి జారింది. చాలామందిలో ఉంటుంది.
- స్మూత్ టేపరింగ్, బర్డ్ బీక్: కింది చివర నున్నగా సన్నబడింది. అకలేషియాలో కనిపించే తీరు.
- స్ట్రిక్చర్: సన్నబడిన చోటు. కారణాలు చాలా.
- వెబ్: గొంతు కింద పల్చటి పొర. ఐరన్ లోపంతో రక్తం తగ్గినవాళ్లలో కనిపిస్తుంటుంది, రక్తపరీక్ష అడగండి.
- ఇర్రెగ్యులర్, షోల్డరింగ్: గోడ ఎగుడుదిగుడుగా ఉంది. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఎండోస్కోపీ చేసి ముక్క తీసి పరీక్షించాలి, అదీ త్వరగా.
- ఆస్పిరేషన్: మింగినదాంట్లో కొంత శ్వాసనాళంలోకి వెళ్లింది. ఏ చిక్కదనంలో తాగాలో స్పీచ్ థెరపిస్ట్ నేర్పుతారు.

రిపోర్టు నార్మల్ అని వచ్చినా ముద్ద ఇంకా ఆగుతూనే ఉంటే ఊరికే ఉండిపోకండి. లోపలి పొరలో చిన్న మార్పులు బేరియంలో కనబడకపోవచ్చు, వాటికి ఎండోస్కోపీ కావాలి. కండరాల ఒత్తిడి కొలవాలంటే మానోమెట్రీ అనే వేరే పరీక్ష ఉంది.

వేలూరుకో, చెన్నైకో, బెంగళూరుకో చూపించుకోవడానికి వెళ్లేవాళ్లు కాగితం ఒక్కటే తీసుకెళ్తే అక్కడ మళ్లీ బేరియం తాగమంటారు. బొమ్మలున్న సీడీ అడిగి తీసుకోండి. కౌంటర్ వదలకముందే దాని మీద పేరు, వయసు, తేదీ మీవేనా అని చూడండి. ఆస్పత్రిలో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లు అదే రోజు ఇద్దరు ముగ్గురు ఉండొచ్చు.